చీటీ పడేదాకా

మైకా కంపెనీ మూసేసినాక
వేలంలో పాతినుము లెక్కన పోయిన జీపు ఇది.
సీటు సందుల్లో ఈరోజుకీ కాకిబంగారం పొట్టు.
ఎండ పడితే నా చీరంచు మెరుస్తుంది,
కట్టింది నూలు చీరే.

సైదాపురం తోటల్నించి గూడూరు యార్డుకి
రోజూ పదహారు బస్తాల నిమ్మకాయలు.
పరిగెత్తినంతసేపూ బుద్ధిగానే ఉంటుంది.
యార్డు గేటు కాడ, లారీల వెనక,
అడుగూ అడుగూ జరిగేటప్పుడే దీనికి ఒళ్లు కాలిపోతుంది.
ఇంజను నిదానిస్తే ఫ్యానూ నిదానిస్తుంది,
రెండూ ఒకే బెల్టుకి కట్టేసినవి కదా.
గాలి కావాల్సిన చోటే గాలి ఉండదు.
పోయిన మే నెలంతా రేడియేటరు మూత మీద గోనెపట్టా వేసి తిప్పి తిప్పి
మోచేతి దాకా బొబ్బలు.

"బెల్టు ఫ్యాను పీకేద్దాం పెంచలక్కా" అన్నాడు జిలానీ.
రైలు గేటు పక్కన రేకుల షెడ్డు.
ముప్పై ఏళ్లుగా తీగల్తో బతికిన మనిషికి
ఇప్పుడు కళ్లలో పొర.
తీగ చేతికిస్తే మందం చెబుతాడు, రంగు చెప్పలేడు.
"రంగులు నువ్వు చదువు. మిగతాది నాకొదిలెయ్."

తుక్కు మారుతీలోంచి తెచ్చిన ఫ్యాను
రేడియేటరు వీపుకి బిగించాడు.
పై గొట్టంలో ఇత్తడి స్విచ్చు.
తొంభై రెండు డిగ్రీల దాకా అది ఉలకదు, పలకదు.
"ఇంత చిన్నది అంత కరెంటు మొయ్యలేదక్కా, మాడిపోద్ది.
ఇది సైగ చేస్తుంది, అంతే.
మోసేది ఇదిగో, రిలే."
అగ్గిపెట్టెలో సగముండే నల్లడబ్బా
నా అరచేతిలో పెట్టాడు.

బ్యాటరీ నుంచి ఫ్యూజుకి, ఫ్యూజు నుంచి రిలేకి, అక్కణ్ణించి ఫ్యానుకి.
"ఇదేం రంగు?"
"ఎరుపు."
"ఇది?"
"నలుపు."
"చూసి చెప్పు."
"చూసే చెబుతుండా."

తీగ ఇంజనుకి ఆనే చోట
ఏం చుట్టాలా అని అతను తడుముకుంటుంటే
సీటు సందులోంచి ఒక రేకు లాగి ఇచ్చాను.
బొటనవేలితో రాసి చూశాడు, నవ్వాడు.
మా అమ్మ షెడ్డులో గొంతుక్కూచుని
కొడవలితో అంచులు కోసిన సరుకు.
ఎక్కడెక్కడి ఇస్త్రీపెట్టెల్లోకో పోయేదంట.
ఆ రోజుల్లో మా ఇంట్లో కరెంటే లేదు.

స్టార్టు చేసి నిలబడ్డాం.
ముల్లు ఎనభై. ఎనభై ఐదు.
తొంభై దగ్గర నా చెయ్యి తాళం మీదికి పోయింది.
"ఆపబాక."
నాకేమీ వినబడక ముందే
"కొట్టింది" అన్నాడు.
అప్పుడు తిరిగింది ఫ్యాను.

జేబులోంచి నేనిచ్చిన యార్డు చీటీ తీసి
ముందు జాలీకి ఆనించాడు.
అది అతని గడ్డం మీదుగా ఎగిరి
రైలు గేటు వైపు పోయింది.
"లాక్కోవాల్సింది, ఊదుతోంది. తీగలు తారుమారు."
గుడ్డ పెట్టి తుడిచాను.
నేను ఎరుపన్నది, ఎండకి గోధుమతిరిగిన నలుపు.
నేను నలుపన్నది, గ్రీజు కింద ఎరుపు.
కళ్లున్నదాన్ని నేను.

అతనేమీ అనలేదు. మార్చాడు.
ఇంకో చీటీ.
ఈసారి బల్లిలాగా జాలీకి అతుక్కుంది.

"తాళం తీసినాక ఆగిపోవాలా, తిరగాలా?" అనడిగాను.
"ఆపినాకే వేడి పైకి తంతుందక్కా.
నీళ్లు కదలవు, పొగరు మటుకు లోపలే ఉంటుంది.
తిరగనీ. బ్యాటరీ కాస్త తింటుంది, తిననీ.
నేనైతే మా తమ్ముడితో మాట్లాట్టం ఆపినాకే..."
స్పానరు కోసం వంగాడు.
ఆ మాట అక్కడే ఉండిపోయింది.

తాళం తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను.
ఇంజను ఆగింది. చీటీ కదల్లేదు.
గేటు పడింది, గూడ్సు ఒకటి పోయింది,
బొగ్గు పెట్టెలు నలభై దాకా లెక్కపెట్టి వదిలేశాను.
గేటు లేచింది.
"పడిందా?"
"ఇంకా లేదు."
టీ గ్లాసులు అడుగంటాయి.
రిలే ఎక్కడో చిన్నగా నాలుక తట్టింది.
చీటీ జారి నా చెప్పు మీద పడింది.

"పడింది" అన్నాను.
"ఏం రంగు?" అన్నాడు జిలానీ, మీసాల్లో నవ్వుతా.
"ఉండబ్బా," అన్నాను,
"తుడిచి చెబుతా."